తెగిన పోగు ఎక్కడ?

‘నెట్టు రావడం లేదు...’ హిందూపురం ఇళ్ల నుంచి బెంగళూరుకు వెళ్లే ఫోన్లలో ఈ మాట వినిపించని వారం ఉండదేమో! నూరు కిలోమీటర్ల అవతల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కొడుకో కూతురో ఉన్నారంటే, ఇక్కడ రౌటర్ మొరాయించగానే అక్కడ ఫోను మోగాల్సిందే. ‘ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యమ్మా’ అంటారు అటువైపు నుంచి. చేస్తారు. ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. రానప్పుడు రౌటర్ వెనక ‘రీసెట్’ అని రాసి ఉన్న చిన్న కన్నంలో పిన్నీసు పెట్టి పది సెకన్లు నొక్కుతారు. చాలా కనెక్షన్లలో ఆ నొక్కుడుతో ఆపరేటర్ మనిషి వచ్చి పెట్టి వెళ్లిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోతాయి. అప్పటిదాకా కొంచెం పోయిన నెట్టు అప్పుడు పూర్తిగా పోతుంది.

ఒకప్పుడైతే నెట్టు లేకపోతే మెయిల్ చూడటం ఓ పూట ఆలస్యమయ్యేది, అంతే. ఇప్పుడలా కాదు. 50 వేల రూపాయల విలువ దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే 2018 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు ఉండాలి. ధర్మవరంలో పట్టుచీరల మూట కట్టించి, బిల్లు తీద్దామని కూర్చున్నప్పుడు పేజీ తెరుచుకోలేదనుకోండి, ఆ పూట లారీ వెళ్లిపోతుంది. ఈఏపీసెట్ దరఖాస్తుకు ఆఖరి రోజున ఇదే జరిగితే పోయేది ఒక పూట కాదు, పిల్లవాడి ఏడాది. అందుకే నెట్టు పోయినప్పుడు ఏం చెయ్యాలో ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండటం మంచిది. దానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు.

ధర్మవరం మగ్గాల దగ్గర చూడండి. పడుగులో వేల పోగులు ఉంటాయి. ఒక పోగు తెగిందని నేతగాడు పడుగంతా కోసి పారెయ్యడు. మగ్గం ఆపుతాడు. ఎక్కడ తెగిందో వెతికి పట్టుకుంటాడు. అక్కడ మాత్రమే ముడివేసి మళ్లీ నేత మొదలుపెడతాడు. నెట్టుకైనా అదే పద్ధతి. ముందు ఎక్కడ తెగిందో కనుక్కోవాలి. బాగుచెయ్యడం ఆ తర్వాత.

పేరు వేరు, నంబరు వేరు

మీ సెల్‌ఫోన్‌లో ‘చిన్నాన్న’ అన్న పేరు మీద వేలు పెడితే చిన్నాన్నకు ఫోను వెళ్తుంది. నిజానికి ఫోను కంపెనీకి చిన్నాన్న ఎవరో తెలియదు. దానికి తెలిసింది పది అంకెల నంబరు. పేరుకు నంబరు వెతికి ఇచ్చింది మీ ఫోనులోని కాంటాక్ట్స్ పట్టీ. ఆ పట్టీ చెరిగిపోయిందనుకోండి... ఫోను బాగానే ఉంటుంది, సిగ్నల్ ఉంటుంది, బ్యాలెన్సూ ఉంటుంది. చిన్నాన్నకు మాత్రం ఫోను వెళ్లదు. నంబరు నోటికి వస్తే కొట్టి మాట్లాడొచ్చు.

ఇంటర్నెట్‌లోనూ ఇంతే. ప్రతి వెబ్‌సైటుకూ మనం పిలిచే పేరు ఒకటి, యంత్రాలకు అర్థమయ్యే నంబరు ఒకటి ఉంటాయి. ఆ నంబరును ఐపీ అడ్రస్ అంటారు. పేరు చెబితే నంబరు చెప్పే ఏర్పాటు పేరు డొమైన్ నేమ్ సిస్టమ్, క్లుప్తంగా డీఎన్ఎస్. మీరు బ్రౌజర్‌లో పేరు కొట్టగానే కంప్యూటరు మొదట చేసే పని డీఎన్ఎస్ సర్వర్‌ను నంబరు అడగడం. జవాబు వచ్చాకే అసలు సైటుకు వెళ్తుంది. జవాబు రాకపోతే దారి ఎంత బాగున్నా గడప దాటదు. తెర మీద మాత్రం ‘నెట్టు లేదు’ అన్నట్టే కనిపిస్తుంది!

మొదట్లో ఈ గొడవ లేదు. ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్ రోజుల్లో కంప్యూటర్లు కొద్దిగానే ఉండేవి. వాటి పేర్లు, నంబర్లు అన్నీ ఒకే ఫైల్లో రాసి పెట్టేవారు. అమెరికాలో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫోర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫీన్లర్ అనే ఆవిడ బృందం ఆ పట్టీ చూసేది. మిగతా కంప్యూటర్లన్నీ దాన్ని నకలు తెచ్చుకునేవి. కంప్యూటర్లు పెరిగే కొద్దీ ఒక్కచోట రాయడం కుదరలేదు. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించారు. అప్పటినుంచి పట్టీ ఒక్కచోట లేదు. అన్నిటికన్నా పైన 13 పేర్లతో రూట్ సర్వర్లు ఉంటాయి. పేరు చివర ‘.ఇన్’ ఉంటే ఎవరిని అడగాలో అవి చెబుతాయి. వాళ్లు ఆ కిందివాళ్లను చూపిస్తారు. ఇంత తతంగమూ మీరు టీ కప్పు ఎత్తేలోపే అయిపోతుంది. ఒకసారి తెలిసిన జవాబును కొంతసేపు దాచి ఉంచుకుంటారు కాబట్టి ప్రతిసారీ పైదాకా వెళ్లే పని కూడా ఉండదు.

అయిదు ప్రశ్నలు

సరే, నెట్టు పోయింది. ఇప్పుడు వరసగా అయిదు ప్రశ్నలు వేసుకోండి. దగ్గరి నుంచి దూరానికి వెళ్లాలి. వరస తప్పకూడదు.

మొదటిది: ఎవరికి రావడం లేదు? ఇంట్లో ఒక్క ఫోనుకేనా, అన్నిటికీనా? ఒక్క సైటేనా, అన్నీనా? ఒక్క ఫోనుకే అయితే తప్పు ఆ ఫోనులో ఉంది, రౌటర్ జోలికి పోకండి. ఒక్క సైటే అయితే తప్పు ఆ సైటుదే కావచ్చు. అదే సైటును వైఫై ఆపి మొబైల్ డేటా మీద చూడండి. అక్కడా రాకపోతే కాసేపు ఆగడమే మందు.

రెండోది: లైట్లు ఏమంటున్నాయి? ఫైబర్ కనెక్షన్ పెట్టెమీద ‘ఎల్ఓఎస్’ అని ఒక లైటు ఉంటుంది. అది ఎర్రగా వెలుగుతుంటే వెలుతురు ఆ పెట్టెదాకా రావడం లేదని అర్థం. ఫైబర్ ఎక్కడో తెగింది, లేదా గట్టిగా వంగింది. రోడ్డు పక్క తవ్వకం కావచ్చు, స్తంభం మీద వైరు జారి ఉండొచ్చు, ఇంట్లోనే బీరువా వెనక నలిగి ఉండొచ్చు. ఈ లైటు ఎర్రగా ఉన్నంతసేపూ కంప్యూటర్లో ఏ సెట్టింగు మార్చినా దండగ. ఆపరేటర్‌కు ఫోను చెయ్యండి. రాష్ట్రంలో 2017 డిసెంబరు 27న ఫైబర్‌నెట్‌ను అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పటి నుంచీ ఎన్నో ఊళ్లలో నెట్టు తెచ్చి ఇచ్చేది కేబుల్ టీవీ ఆపరేటరే. వీధి చివర ఉండే ఆ మనిషికి ఎర్రలైటు సంగతి చెబితే నిచ్చెన వెంట తెచ్చుకుంటాడు.

మూడోది: ఇంట్లో దారి ఉందా? విండోస్ కంప్యూటరైతే కింద వెతికేచోట ‘సీఎండీ’ అని మూడు ఇంగ్లిషు అక్షరాలు కొట్టండి. నల్లటి కిటికీ తెరుచుకుంటుంది. భయపడకండి, అక్కడ చూడటం వల్ల ఏదీ చెడిపోదు. ఐ, పీ, సీ, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జీ... ఈ అక్షరాలను ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. మీ కంప్యూటరు అడ్రసు 192.168తో మొదలైతే, చాలా ఇళ్లలో అది సరైనదే. 169.254తో మొదలైతే మాత్రం రౌటర్ అడ్రసు ఇవ్వలేదు, కంప్యూటరే తోచిన నంబరు పెట్టుకుంది. అప్పుడు వైరు ఊడిందేమో, వైఫై పాస్‌వర్డ్ మారిందేమో చూడాలి. అదే తెరమీద ‘డిఫాల్ట్ గేట్‌వే’ అని రౌటర్ నంబరు కనబడుతుంది. ‘పింగ్’ అని ఇంగ్లిషులో కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు కొట్టండి. జవాబు వస్తే ఇంట్లో దారి బాగున్నట్టే.

నాలుగోది: బయటికి దారి ఉందా? ఇప్పుడు పింగ్ పక్కన 8.8.8.8 కొట్టండి. ఇది గూగుల్ 2009 డిసెంబరు నుంచి అందరికీ ఉచితంగా నడుపుతున్న డీఎన్ఎస్ సర్వర్ నంబరు. ఇక్కడ పేరు ఎవరినీ అడగలేదు, నేరుగా నంబరుకే వెళ్లాం. ఇంట్లో దారి ఉండి, ఇక్కడ జవాబు రాకపోతే తప్పు రౌటర్ దగ్గరో, దాని అవతలో ఉంది. బిల్లు కట్టారో లేదో కూడా చూసుకోండి మరి!

అయిదోది: పేరు తెలుస్తోందా? ఎన్, ఎస్, ఎల్, ఓ, ఓ, కే, యూ, పీ అని కొట్టి, ఖాళీ వదిలి, ఏదైనా తెలిసిన సైటు పేరు కొట్టండి. నంబరు వస్తే పేర్ల పట్టీ పనిచేస్తోంది. ‘టైమ్‌డ్ అవుట్’ అని వస్తే లేదు. నాలుగో ప్రశ్నకు జవాబు వచ్చి, అయిదోదానికి రాలేదంటే దొంగ దొరికినట్టే. నెట్టు పోలేదు, పోయింది పేర్ల పట్టీ.

పోగు కట్టడం ఎలా?

ముందుగా నిర్ధారణ చేసుకోండి. అదే ఆదేశంలో సైటు పేరు తర్వాత ఖాళీ వదిలి 8.8.8.8 అని చేర్చితే ప్రశ్న గూగుల్ సర్వర్‌కు వెళ్తుంది. అది నంబరు చెప్పిందంటే, మీరు రోజూ అడిగే సర్వర్ మాత్రమే పడుకుందన్నమాట. సామాన్యంగా అది ఆపరేటర్‌ది. అప్పుడు రౌటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ అన్నచోట 8.8.8.8, రెండోదిగా 1.1.1.1 పెట్టుకోవచ్చు. రెండోది 2018 ఏప్రిల్ 1న క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ మొదలుపెట్టింది. మార్చేముందు పాత నంబర్లు కాగితం మీద రాసుకోండి. ఒకసారికి ఒకటే మార్చండి. మూడు మార్చాక నెట్టు వస్తే దేనివల్ల వచ్చిందో తెలియదు. రాకపోతే ఏది వెనక్కి తిప్పాలో అసలే తెలియదు.

ఫోనుల్లో ఇంకో చోట చూడాలి. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ అని ఒక సెట్టింగు ఉంటోంది. ప్రకటనలు రాకుండా ఉంటాయని ఎవరో చెబితే పిల్లలు అందులో ఏదో పేరు పెడతారు. ఆ సర్వర్ ఒకరోజు ఆగిపోతుంది. వైఫై కలిసి ఉంటుంది, నెట్టు మాత్రం రాదు. మొబైల్ డేటా మీద కూడా రాదు! దాన్ని ‘ఆటోమేటిక్’ చేస్తే చాలు.

పాత కంప్యూటర్లలో గడియారం కూడా ఒక కంట చూడండి. లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు భద్రత ఉన్న సైట్లేవీ తెరుచుకోవు. అది పేర్ల తప్పు కాదు, తేదీ తప్పు.

ఒక్క నెట్‌వర్క్‌కు ఇద్దరు పెద్దలు

దుకాణాల్లో కనిపించే తికమక ఇంకొకటి. హిందూపురంలో ఒక బట్టల దుకాణం అనుకుందాం. కౌంటర్ దగ్గర బిల్లుల కంప్యూటరు, వెనక గదిలో లెక్కల కంప్యూటరు, ఒక ప్రింటరు, నాలుగు కెమెరాలు. మిద్దెమీదికి వైఫై అందడం లేదని పాత రౌటర్ ఒకటి తెచ్చి వైరు కలిపారు. ఆరోజు నుంచి ఒక కంప్యూటరుకు నెట్టు వస్తుంది, ఇంకోదానికి రాదు. మధ్యాహ్నం అవి అటూ ఇటూ మారతాయి. కారణం ఏమిటంటే, రౌటర్‌కు అడ్రసులు పంచే పని కూడా ఉంటుంది. దాన్ని డీహెచ్‌సీపీ అంటారు. ఇప్పుడు రెండు రౌటర్లూ పంచుతున్నాయి. కొత్తదాని చేతినుంచి అడ్రసు తీసుకున్న యంత్రం బయటికి దారి ఉంది. పాతదాన్ని నమ్మిన యంత్రం దాని దగ్గరికే వెళ్లి నిలబడుతుంది. అక్కడినుంచి దారి లేదు! పైగా రెండిటి నంబరూ 192.168.1.1 అయితే ఇక చెప్పనే అక్కర్లేదు.

దీనికి విరుగుడు సులభం. పాత రౌటర్ వైరును పక్కకు తీసి, దాని నంబరు 192.168.1.2గా మార్చి, డీహెచ్‌సీపీ ఆపేసి, వైరును ‘ల్యాన్’ అని రాసి ఉన్న రంధ్రంలో పెట్టండి. అప్పుడది పెత్తనం మానేసి సిగ్నల్ మాత్రం పంచుతుంది. అలాగే కరెంటు పోయి వచ్చాక ప్రింటరు కనబడకపోతే, రౌటర్ దానికి కొత్త నంబరు ఇచ్చి ఉంటుంది. కంప్యూటరు పాత నంబరులోనే వెతుకుతుంటుంది. రౌటర్‌లో ‘అడ్రస్ రిజర్వేషన్’ అన్నచోట ప్రింటరుకు ఒక నంబరు ఖాయం చేస్తే ఆ బెడద తీరుతుంది. ఒక హెచ్చరిక. సొంత డొమైన్ సర్వర్ ఉన్న ఆఫీసుల్లో కంప్యూటర్ల డీఎన్ఎస్ మార్చి 8.8.8.8 పెట్టకండి. ఆఫీసులోని కంప్యూటర్ల పేర్లు గూగుల్‌కేం తెలుస్తాయి?

పట్టీనే దొంగ చేతికి చిక్కితే

ఇంతవరకూ పేర్ల పట్టీ పలకకపోతే ఏమిటన్నది చూశాం. అబద్ధం చెబితే? బ్యాంకు పేరు అడిగితే దొంగ సైటు నంబరు ఇస్తే? ఇది కథ కాదు. ‘డీఎన్ఎస్ ఛేంజర్’ అనే వైరస్ 100కు పైగా దేశాల్లో దాదాపు 40 లక్షల కంప్యూటర్ల డీఎన్ఎస్ సెట్టింగును దొంగల సర్వర్లకు మళ్లించింది. 2011 నవంబరులో అమెరికా ఎఫ్‌బీఐ ఆ ముఠా గుట్టు రట్టు చేసింది. చిక్కేమిటంటే, దొంగ సర్వర్లను ఉన్నపళంగా ఆపేస్తే వాటిని నమ్ముకున్న కంప్యూటర్లన్నిటికీ నెట్టు పోతుంది. అందుకే కోర్టు అనుమతితో వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టి నడిపి, 2012 జులై 9న ఆపేశారు. 2018లో కూడా లక్షకు పైగా రౌటర్లలో ఇలాగే డీఎన్ఎస్ మార్చేసిన సంగతి బయటపడింది. వాటిలో ఎక్కువ బ్రెజిల్‌వి. బలహీనమైన పాస్‌వర్డే దొంగలకు తాళంచెవి అయింది.

కాబట్టి రౌటర్ పాస్‌వర్డ్ కొన్ననాటి ‘అడ్మిన్’గానే ఉంటే ఇవాళే మార్చండి. డీఎన్ఎస్ దగ్గర మీరు పెట్టని, ఆపరేటర్ చెప్పని నంబరు కనబడితే అనుమానించండి. బ్యాంకు సైటు తెరిచేటప్పుడు బ్రౌజర్ ‘ఇది సురక్షితం కాదు’ అని ఎర్రగా హెచ్చరిస్తే ‘అయినా వెళ్తాను’ అన్న మీట నొక్కకండి. పట్టీ అబద్ధం చెప్పినా, దొంగ సైటు దగ్గర బ్యాంకు ధ్రువపత్రం ఉండదు. ఆ హెచ్చరికకు అర్థం అదే కావచ్చు.

ఇంకో ఆసరా కూడా వచ్చింది. మన బ్యాంకులన్నీ తమ సైటు పేర్లను ‘.బ్యాంక్.ఇన్’తో ముగిసేలా 2025 అక్టోబరు 31లోగా మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఈ పేర్లు ఇచ్చే అధికారం హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ సంస్థ ఒక్కదానికే ఉంది. బ్యాంకు కానివాళ్లకు ఆ పేరు దొరకదు. అయితే పేరును వెనకనుంచి చదవడం అలవాటు చేసుకోండి. ‘.బ్యాంక్.ఇన్’ తర్వాత చుక్క పెట్టి ఇంకేదైనా ఉంటే అది బ్యాంకు కాదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోను చెయ్యాలి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును ఆపడానికి అంత అవకాశం.

తప్పు మన ఇంట్లో లేనప్పుడు

2021 అక్టోబరు 4 రాత్రి గుర్తుందా? తొమ్మిది దాటాక వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒక్కసారే ఆగిపోయాయి. సుమారు ఆరు గంటలు రాలేదు. ఆ రాత్రి ఎంతమంది రౌటర్లు ఆపి వేశారో, ఎంతమంది ఫోన్లు రీసెట్ చేశారో! జరిగింది ఏమిటంటే, నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక తప్పుడు ఆదేశంతో ఆ కంపెనీ కంప్యూటర్ కేంద్రాల మధ్య సంబంధాలు తెగిపోయాయి. దాంతో దాని డీఎన్ఎస్ సర్వర్లు ఇంటర్నెట్‌లో కనబడకుండా పోయాయి. పేరు అడిగితే చెప్పేవాడే లేడు. మన ఇళ్లలో ఏ పోగూ తెగలేదు. మొదటి ప్రశ్న ఒక్కటి వేసుకున్నవాళ్లు, మిగతా సైట్లు వస్తున్నాయని చూసుకుని హాయిగా నిద్రపోయారు.

చివరగా ఒక చిన్న పని. కాగితం మీద అయిదు సంగతులు రాసి రౌటర్ పక్కన గోడకు అంటించండి: ఆపరేటర్ ఫోను నంబరు, మీ కనెక్షన్ నంబరు, అన్నీ బాగున్నప్పుడు ఏ లైటు ఏ రంగులో ఉంటుంది, రౌటర్ నంబరు, డీఎన్ఎస్ నంబర్లు. పాస్‌వర్డులు మాత్రం గోడమీద వద్దు, బీరువాలో పెట్టుకోండి. ఇది బాగున్న రోజునే చెయ్యాల్సిన పని. ఈసారి ఫిర్యాదు చేసేటప్పుడు ‘నెట్టు లేదు’ అనకండి. ‘ఎల్ఓఎస్ లైటు ఎర్రగా లేదు, 8.8.8.8కు పింగ్ వెళ్తోంది, పేర్లు మాత్రం తెలియడం లేదు, మీ డీఎన్ఎస్ చూడండి’ అనండి. అవతలివాళ్లు ‘రౌటర్ ఆపి వెయ్యండి’ అనరు. ‘ఒక్క నిమిషం ఉండండి సార్’ అంటారు.